పది చోట్ల లోతు

10 జనవరి 1994, సోమవారం. సిద్దిపేట.

ఈ నోటుబుక్కు మీద పేరు రాయలేదు. మొదటి పేజీలో "చేప పేను – లక్షణాలు" అని శీర్షిక పెట్టి రెండు పేజీలు నిజంగానే నోట్సు రాశాను. ఇంట్లో ఖాలా, అమ్మ తోబుట్టువు, తెరిచినా చదువు పుస్తకమే అనుకోవాలి. అసలు రాత ఇక్కడి నుంచి.

ఈ వారం దొరికిన మాటలు: మత్తడి, శికం, ఒండ్రు, తెప్ప. చిన్నప్పటి నుంచి వింటున్నవే. ఇంట్లో ఉర్దూ, బడిలో పుస్తకాల తెలుగు కావడంతో వీటిని ఎప్పుడూ కాగితం మీద చూడలేదు. రాసుకుని చూస్తే కొత్తగా ఉన్నాయి. మత్తడి అని రాస్తుంటే చెరువు నిండి నీళ్లు పొర్లిపోతున్న చప్పుడు వినిపించింది.

పశువైద్యం డిగ్రీ అయ్యాక పెంపకం చేపల రోగాల మీద పైచదువు చేస్తున్నానంటే రబియాబీ ఖాలాకు ఇంకా నమ్మకం కుదరలేదు.

"చేపకు డాక్టరేంది బేటా? నొప్పైతే చెప్పుకోనీకి దానికి నోరున్నదా?"

"ఆవుకు మాత్రం ఉందా ఖాలా?"

"ఆవు కనీసం అరుస్తది."

బ్యాచ్‌లో నలుగురం. ముగ్గురు అబ్బాయిలు, నేను. ఆడపిల్లకు సీటు ఇవ్వడానికి కమిటీలో ప్రమీలాదేవి మేడం గంటసేపు వాదించారట. ఆమే ఇప్పుడు నా గైడు. మూడు నెలల ఫీల్డు ట్రైనింగుకు నన్ను సిద్దిపేట పశువుల దవాఖానకు వేశారు, ఖాలా ఇల్లుందని. మా నాన్న, అబ్బా, హుస్నాబాద్‌లో పశువుల దవాఖానలో కాంపౌండరు. నేను వచ్చే రోజు బస్టాండులో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు, మా షహజాదీ నీళ్ల డాక్టరు అని.

12 జనవరి

మిరుదొడ్డి బస్సు దిగి రెండు మైళ్లు నడిస్తే తుమ్మలకుంట. చేపల సంఘం వాళ్లది. వచ్చే వానలకు పెద్ద చెరువులో వదలాల్సిన బొచ్చె చేప పిల్లలను ఏడాదిగా అందులో పెంచుతున్నారు. నలభై ఇళ్లు ఆ పిల్లల మీద ఆశ పెట్టుకున్నాయి.

చేపలు గుంజలకు, రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటున్నాయి. ఒకటి పట్టి చూస్తే రెక్క కింద పేను, పచ్చగా, కందిగింజను పలచగా నొక్కినట్టు. పశువుకు గోమారు ఎట్లాగో చేపకు ఇది అట్లా. సంఘం అధ్యక్షుడు వీరయ్య నా చేతిలోని చేపను, నన్ను మార్చి మార్చి చూశాడు.

"మేడం, మీకు వాసన వస్తలేదా?"

"వస్తుంది. అలవాటైంది."

"మా ఆడోళ్లకు ముప్పై ఏండ్లైనా కాలే."

అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. ఆ నవ్వుతో వాళ్లలో ఒకరినయ్యాననిపించింది.

కుంట కాపలా సారయ్యది. యాభై ఉంటాయి. పొట్టి మనిషి. కుంటలో ఏ చేప ఎక్కడ తిరుగుతుందో ఇంట్లో పిల్లల సంగతి చెప్పినట్టు చెబుతాడు. నేను కాకా అని పిలిస్తే తలపాగా సర్దుకున్నాడు.

మేడం క్లాసులో చెప్పింది మళ్లీ రాసుకుంటున్నాను: "చేపకు మందు ఇవ్వం, నీళ్లకు ఇస్తాం. ఆవును తూకం వేసినట్టు నీళ్లను తూకం వేయాలి. పది చోట్ల మీరే దిగి లోతు తీయండి. నీళ్లెంతో తెలియకుండా సీసా మూత తీయొద్దు."

17 జనవరి

పది చోట్ల లోతు తీశాను. సగటు అయిదడుగులు.

చలిగాలి. కట్ట మీద ఇరవై మంది మగవాళ్లు, పని లేని రోజు కాబోలు, అందరూ చూడడానికే వచ్చారు.

మోకాలుబంటి, నడుంబంటి, రొమ్ముబంటి. ఎంత మంచి మాటలు. మనిషే కొలబద్ద. ఇంచుల్లో, సెంటీమీటర్లలో ఇంత ప్రాణం ఉండదు. సారయ్య నీళ్లలోంచి "రొమ్ముబంటీ" అని దీర్ఘం తీసి అరుస్తుంటే రాయడం మానేసి విన్నాను.

18 జనవరి

మందు వేశాం. ఎనిమిది బకెట్లు, బకెట్‌కు ఒక గిన్నె మందు. సారయ్యకు చదువు రాదు. ఎనిమిది గులకరాళ్లు ఏరి తెప్ప మీద పెట్టుకున్నాడు. ఒక బకెట్ చల్లడం కాగానే ఒక రాయి నీళ్లలో వేసేవాడు. రాళ్లయిపోయాక ఖాళీ చెయ్యి ఎత్తి నాకు చూపించాడు.

"అయిపాయె డాక్టరమ్మా."

బాగా జరిగింది. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది.

19 జనవరి

చేపలు చచ్చాయి. మూడు వందలు దాటాయి. ఇంకా తేలుతున్నాయి.

20 జనవరి

నిన్నటి సంగతి ఇవాళ రాయగలుగుతున్నాను.

నేను పోయేసరికి ఒడ్డంతా తెల్లగా ఉంది. బతికినవి కూడా వంకరగా ఈదుతున్నాయి. ఆడవాళ్లు గంపలతో ఎత్తి గుంతలో వేస్తున్నారు. తినడానికి లేదు, అమ్మడానికి లేదు, మందు చేపలు. సారయ్య నీళ్లలో నిలబడి, కదులుతున్న ఒక్కో చేపను పట్టి తలకాయ అటూ ఇటూ ఊపుతున్నాడు, మొప్పల్లోకి గాలి పోతుందని. అట్లా చేస్తే బతకవు. నేను చెప్పలేదు.

వీరయ్య అతన్ని ఒడ్డుకు పిలిచాడు.

"సారిగా, పొద్దుగాల కల్లు ఎంత పట్టించినవ్‌రా?"

"ఒక్క సుక్క ముట్టలే వీరయ్యా. తెప్ప ఎక్కేటప్పుడు నేను తాగుతనా?"

"మరి మందు ఇంత ఎక్కువ ఎట్ల పడ్డది? మేడం, మీరెన్ని చెప్పిన్రు?"

"ఎనిమిది," అన్నాను.

అది నిజం. ఎనిమిదే చెప్పాను.

21 జనవరి

మేడం హైదరాబాద్ నుంచి వచ్చారు. చేపల మొప్పలు కోసి చూశారు, నీళ్లు సీసాల్లో పట్టారు. తర్వాత నా ఫీల్డు పుస్తకం తెరిచి అంకెల మీద వేలు పెట్టి చదివారు.

"నువ్వే దిగావా?"

"దిగాను మేడం. పది చోట్ల."

ఆమె నన్ను నమ్మనట్టు లేరు. అయినా సారయ్య వైపు తిరిగి అడిగారు. "అమ్మాయి నీళ్లలోకి దిగిందా?"

సారయ్య నా ముఖం చూశాడు. తర్వాత మేడం కాళ్ల వైపు చూస్తూ చెప్పాడు.

"దిగింది మేడం. లోతు జూసే గడ నేనే పట్టుకున్న."

మేడం పుస్తకం మూసి నా భుజం తట్టారు. "అయితే నీ లెక్క సరిగ్గానే ఉంది. పోసేటప్పుడే ఎక్కువైంది. ఇకముందు పక్కన నిలబడి పోయించు."

అతను అలా ఎందుకన్నాడో నాకు తెలియదు.

22 జనవరి

తెలుసు.

నేను దిగలేదు. రాస్తున్నాను, దిగలేదు. పదిహేడో తేదీన పైన రాసింది అబద్ధం. నా కోసమే రాసుకునే పుస్తకంలో కూడా అబద్ధం రాశాను.

ఆ రోజు సల్వార్ మడిచి కట్ట దిగబోయాను. ఇరవై మంది మాటలు ఆపారు. దిగితే రొమ్ముల దాకా నీళ్లు. తడిసిన బట్టలతో వాళ్ల మధ్యలో నుంచి మళ్లీ కట్ట ఎక్కాలి, రెండు మైళ్లు నడవాలి, బస్సెక్కాలి. కాలు నీళ్లలో పెట్టి వెనక్కి తీశాను. సారయ్య చూశాడు. తలపాగా విప్పి గట్టు మీద పెట్టి, తనే దిగాడు. తూము దగ్గర మూడు చోట్ల నిలబడి అరిచాడు. రొమ్ముబంటి, రొమ్ముబంటి, నడుంబంటి. అతని పెదవులు నీలంగా అయ్యాయి. "చాలు కాకా, రా," అన్నాను. చలికి పాపం అని అన్నాననుకున్నాను. కాదు, నాకు తొందరగా అయిపోవాలి.

మిగతా ఏడూ కట్ట మీద కూర్చుని రాశాను. ఒడ్డునే రొమ్ముబంటి ఉంటే నడుమ ఇంకా లోతుంటుందనుకున్నాను. అయిదు, ఆరు, అయిదున్నర. ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని అంకెలు కొంచెం మార్చి కూడా రాశాను.

మేడం అడిగినప్పుడు సారయ్య నా సిగ్గు కాపాడాడు. అంతే. ఆ పిల్ల దిగలేదంటే మేడం కోప్పడుతుందనుకున్నాడు. ఆ మాట తన మెడకే చుట్టుకుంటుందని అతనికి తెలియదు.

24 జనవరి

సారయ్య సిద్దిపేట వచ్చాడు, నన్ను వెతుక్కుంటూ పశువుల దవాఖానకు. లోపలికి రమ్మన్నా రాలేదు. గోడ పక్కన చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"ఒక్క ముచ్చట అడుగుదామని వచ్చిన డాక్టరమ్మా. నువ్వు కట్ట మీద నిలవడ్డవ్ గదా. నేను రాళ్లు ఎన్ని ఏరిన్నో చూసినవా?"

"ఎనిమిది, కాకా."

"లెక్కవెట్టినవా, నేను చెప్తే ఇన్నవా?"

నేను లెక్కపెట్టాను. ఒక్కొక్క రాయి నీళ్లలో పడినప్పుడు పెన్సిలుతో గీత కూడా గీశాను. ఎనిమిది గీతలు ఇప్పటికీ ఫీల్డు పుస్తకం చివర ఉన్నాయి.

"సరిగ్గా చూడలేదు," అన్నాను.

అతను చాలాసేపు తల ఊపాడు. "నేనే తప్పు ఏరిన కావచ్చు. పొద్దుగాల చలికి ఏళ్లు కొంకర్లు వోయినయ్. ఒక్క రాయి ఎక్కువ వడ్డదో, రెండు వడ్డయో. ఎప్పుడు గట్ల కాలే. ముసలోన్నయితున్న."

"జరుగుతుంది కాకా. బాధపడకు."

బాధపడకు అని నేనే అన్నాను.

26 జనవరి

దవాఖానలో జెండా ఎగరేశారు. లడ్డు ఇచ్చారు. తిన్నాను.

29 జనవరి

కారణాలు రాసి చూస్తాను. రాస్తే తేటపడుతుంది.

నేను చెబితే నా చదువు పోతుంది. అది ఒక్కటే అయితే చెప్పేదాన్ని. నా తర్వాత ఏ ఆడపిల్లకూ ఈ సీటు ఇవ్వరు. "చూశారా, నీళ్లలో దిగడానికే సిగ్గుపడింది" అంటారు. మేడం తల దించుకోవాలి. అబ్బా బస్టాండులో అందరికీ చెప్పుకున్నాడు. సారయ్యకు సంఘం ఏదో నాలుగు మాటలంటుంది, మర్చిపోతుంది. చచ్చిన చేపలు నేను చెప్పినంత మాత్రాన బతకవు. కాబట్టి చెప్పకపోవడమే ఎక్కువ మందికి మంచిది.

చదివాను. వాక్యాలు తిన్నగానే ఉన్నాయి. ఒక్కటీ నిలబడడం లేదు.

3 ఫిబ్రవరి

నాలుగు మాటలతో పోదట. వీరయ్య దారిలో కనబడి చెప్పాడు. ఇరవయ్యో తేదీ ఆదివారం తుమ్మలకుంట కట్ట మీద సంఘం కూర్చుంటుంది. సారయ్యను మూడేళ్లు వలకు దూరం పెడతారు.

వాళ్లలో అది పాత కట్టుబాటు. పెద్ద చెరువులో వల దించే రోజు నలభై ఇళ్ల నుంచి నలభై మంది వలతాడు పట్టుకుంటారు. ఎవరి చెయ్యి తాడు మీద ఉంటే వాళ్ల ఇంటికే చేప. చెయ్యి లేని ఇంటికి వంతు లేదు. ఆ ఇంటి ఆడమనిషి గంప పట్టుకుని ఒడ్డుకు కూడా రాకూడదు.

"మూడేళ్లు ఏం తింటారు?" అన్నాను.

"మాకు మాత్రం మంచిగున్నదా మేడం? నాకు వరసకు బావైతడు. కని నలభై ఇండ్ల పిల్ల సచ్చిపాయె. ఇయ్యాల ఆన్ని ఇడిసిపెడితే రేపు ఇంకోడు తాగి తెప్ప ఎక్కుతడు."

8 ఫిబ్రవరి

సారయ్య భార్య కొండవ్వ ఇంటికి వచ్చింది. మార్కెట్లో చేపలమ్మే మనిషి, గొంతు పెద్దది. ఇవాళ మాత్రం మెల్లగా మాట్లాడింది. ఖాలా చాయ్ ఇస్తే అరుగు మీదే కూర్చుని తాగింది.

"బిడ్డా, ఒక కాయిదం రాసియ్యాలె. మీ కాక తప్పు ఒప్పుకుంటున్నడు. మాఫ్ చెయ్యమని సంఘానికి రాయాలె. ఒప్పుకుంటే మూడేండ్లది ఒక్క ఏడు చేస్తరేమోనని ఆశ."

"తప్పు ఒప్పుకుంటున్నాడా?"

"పొద్దు మాపు అదే పాట. నేనే పోసిన, నా చెయ్యే పాడు చెయ్యి అంటడు. నేను తిట్టిన. ముప్పై ఏండ్ల సంది నాకు బువ్వ వెట్టిన చెయ్యి పాడు చెయ్యెట్లయితది అన్న. ఇంటలేడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వైతే మంచిగ రాస్తవట. సిద్దిపేట దవాఖానల కాంపౌండరు చెప్పిండు, ఆ పిల్ల రాస్తే సదివినోళ్ల కండ్లల్ల నీళ్లొస్తయని."

వేరే ఎవరినైనా అడగమని చెప్పవచ్చు. ఆ క్షణంలో అంతా చెప్పవచ్చు. ఖాలా లోపల గిన్నెలు కడుగుతోంది, వినిపించదు.

కాగితం, కలం తెచ్చుకున్నాను.

9 ఫిబ్రవరి

నిన్న రాసిన కాగితం నకలు నా దగ్గర ఉంది.

"సంఘం పెద్దలకు సారయ్య దండం పెట్టి రాయించుకునేది. నా తండ్రి నాకు ఇచ్చింది వలతాడు ఒక్కటే. నలభై చేతుల మధ్య నా చెయ్యి ఉన్నన్ని రోజులూ నేను ఒంటరివాణ్ణని నాకు తెలియలేదు. ఆ రోజు నా చెయ్యి లెక్క తప్పింది. నీళ్లను నమ్మి బతికినవాణ్ణి, ఆ నీళ్లనే విషం చేశాను. శిక్ష వద్దనను. తాడు మాత్రం తీసేయకండి."

"ఒంటరివాణ్ణని నాకు తెలియలేదు" అనే వాక్యం మూడుసార్లు కొట్టేసి నాలుగోసారికి కుదిరింది. కుదిరినప్పుడు నాకు సంతోషం కలిగింది. ఇది దాచను. నా తప్పును ఇంకొకరి నోట్లో పెట్టి, అందంగా వచ్చిందని సంతోషపడ్డాను.

చదివి వినిపిస్తే కొండవ్వ ఏడ్చింది. పోతూ పోతూ నా తల నిమిరి మెటికలు విరిచింది.

13 ఫిబ్రవరి

రంజాన్ మొదలైంది. మొదటి రోజా, ఉపవాసం.

మధ్యాహ్నం ఖాలా బియ్యం ఏరుతూ నన్ను పరీక్షగా చూసింది.

"పది రోజుల సంది నీకు తిండి సయిస్తలేదు. ఇయ్యాల రోజా అని వంక దొరికింది. ఏమైంది బేటా?"

"ఏమీ లేదు ఖాలా."

"ఏమీ లేదా? చూడు, రోజాల ఉండి అబద్ధం చెప్పితే అది రోజా కాదు. ఉత్తగ ఆకలి."

బియ్యంలోంచి ఒక రాయి తీసి బయటికి విసిరింది.

14 ఫిబ్రవరి

ఉత్త ఆకలి.

17 ఫిబ్రవరి

మేడంకు ఉత్తరం మొదలుపెట్టాను. "గౌరవనీయులైన మేడం గారికి, విధి వశాత్తు" అని రాశాను. విధి ఏం చేసింది? చింపేశాను.

20 ఫిబ్రవరి, ఆదివారం

తుమ్మలకుంట కట్ట మీద నలభై మందీ ఉన్నారు. ఆడవాళ్లు కొంచెం దూరంగా. సారయ్య తెల్లబట్టలు కట్టుకుని, ఎవరి పక్కనా కాకుండా, ఎండలో కూర్చున్నాడు. కింద వేలిముద్ర వేసిన కాగితం వీరయ్య చేతిలో ఉంది.

"మేడం, రాసింది మీరేనట. మీరే సదవున్రి. మాకు నడుమ నడుమ ఆగుతది."

నిలబడి తీసుకున్నాను. మొదటి మూడు వాక్యాలు చదివాను. నలభై చేతుల మాట రాగానే ఒక ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. ఇంకొకరు "ఎంత మంచిగ చెప్పిండురా" అన్నారు. సారయ్య తల ఇంకా కిందికి వంచాడు.

ఆ తర్వాతి వాక్యం నోటికి రాలేదు. కాగితం మడిచి వీరయ్యకు తిరిగి ఇచ్చాను.

"ఇది అబద్ధం. నేను నీళ్లలోకి దిగలేదు. లోతు తీయలేదు. మూడు చోట్లనే సారయ్య కాక దిగి చెప్పాడు. మిగతావి నేను రాసుకున్నాను. నీళ్లు తక్కువున్నాయి, మందు ఎక్కువ చెప్పాను. ఆయన ఎనిమిదే పోశాడు. నేను చూశాను."

ఇన్నాళ్లూ ఎన్నో మాటలు కూడబెట్టాను. ఒక్కటీ పనికి రాలేదు. నాలుగో తరగతి పిల్ల పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను.

ఎవరూ కోప్పడలేదు. అది నేను అనుకోని సంగతి. వీరయ్య జాలిగా చూశాడు.

"మీది మంచి మనసు మేడం. సారిగాని గోస చూడలేక మీ మీద ఏసుకుంటున్నరు."

"కాదు, నిజం."

"పెద్దమేడం అడిగిన నాడు మీరు దిగిన్రని ఈడే చెప్పె గదా. గడ గూడ పట్టుకున్ననన్నడు. మేమందరం ఇన్నం."

"మీరందరూ ఆ రోజు ఇక్కడే ఉన్నారు. నేను దిగడం చూశారా?"

వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎవరో అన్నారు, "ఆడపిల్ల దిగుతుంటే చూసుడేందని మేం అప్పుడే ఎల్లిపోయినం మేడం."

వెళ్లిపోయారు. నేను కాలు వెనక్కి తీయగానే వాళ్లు లేచి, నాకు చాటు ఇవ్వడానికి, వెళ్లిపోయారు. అప్పుడు కట్ట మీద నేనొక్కదాన్నే. ఇన్ని రోజులు ఇరవై మంది చూపులని రాసుకున్నాను. తల ఎత్తి చూడనే లేదు.

సారయ్య వైపు తిరిగాను. "కాకా, నువ్వన్నా చెప్పు."

అతను నన్ను చూస్తున్నాడు. ఏదో కూడుతున్నట్టు, మొదటి నుంచి మళ్లీ కూడుతున్నట్టు చూస్తున్నాడు.

గట్టు మీద వెదురు గడ ఉంటే తీసుకున్నాను. దానికి అడుగుల గుర్తులున్నాయి, నేను పెట్టినవే. చెప్పులు విడిచి దిగాను. తూము దగ్గర రొమ్ము దాకా వచ్చింది. గుర్తు చూసి గట్టిగా చెప్పాను, నాలుగు. తర్వాత మూడున్నర. తర్వాత రెండు. నడుమకు పోతుంటే లోతు పెరగలేదు, ఒండ్రు పెరిగింది. ఒకటిన్నర. ఒకటిన్నర. ఒకటి. ఆపైన చివరిదాకా ఒకటే. కట్ట దగ్గర మాత్రమే లోతు, పైకంతా శికం, పలచటి నీళ్లు నిలిచే మెరక. ఇక్కడ పుట్టిన చిన్నపిల్లకు కూడా తెలిసిన సంగతి. పదో చోట మోకాలుబంటి నీళ్లలో నిలబడి వెనక్కి చూస్తే కట్ట మీద అందరూ లేచి నిలబడ్డారు.

సగటు అడుగు ముప్పావు. ఈ నెలలో నీళ్లు జానెడు తగ్గాయని వీరయ్య తూము రాయి మీద గీత చూపించి తనే చెప్పాడు. అది కలిపితే రెండున్నర. నేను అయిదు రాశాను.

"అంటే రెండింతలు," అన్నాడు వీరయ్య.

"రెండింతలు."

అతను కాగితాన్ని చింపి కుంటలో వేయబోయి, చేపలున్నాయని గుర్తొచ్చిందేమో, జేబులో పెట్టుకున్నాడు.

ఒంటికి అంటుకున్న బట్టలతో వాళ్ల మధ్యలో నుంచే కట్ట ఎక్కాను. ఎవరూ చూడలేదు. కొండవ్వ తన గంప మీది గుడ్డ తీసి నా మీద కప్పింది. కప్పుతూ, నాకు మాత్రమే వినబడేట్టు అంది, "మా ఇంట్ల నెల దినాలు పొయ్యి రాజుకోలే. యాదుంచుకో."

21 ఫిబ్రవరి

పోస్టాఫీసు నుంచి మేడంకు ట్రంక్ కాల్ చేశాను. మొత్తం చెప్పాను.

"రాతపూర్వకంగా పంపు. నేను ఆఫీసులో పెడతాను. ఈ ఏడాది పోతుంది. వచ్చే ఏడాది సంగతి నా చేతిలో లేదు."

"నా వల్ల ఆడపిల్లలకు సీటు—"

"షహజాదీ, ఆ భారం నువ్వు మొయ్యకు. అది నేను చూసుకుంటాను. నువ్వు పది అంకెల సంగతి రాయి. అంతవరకే రాయి."

రాశాను. అర పేజీ వచ్చింది.

ఖాలాకు చెప్పాను. ఆమె వింటూ వింటూ నా తడి బట్టలు ఎండలోకి జరిపింది. అబ్బాకు ఎట్లా చెప్పాలో రాలేదు. ఆదివారం హుస్నాబాద్ పోయి ముఖం చూసే చెబుతాను.

24 ఫిబ్రవరి

పెద్ద చెరువులో ఇవాళ వల దించారు. నన్ను ఎవరూ పిలవలేదు. పోయాను.

నలభై మంది తాడు మీద ఉన్నారు. సారయ్య తన చోటులో ఉన్నాడు. పక్కవాడు ఏదో అంటే నవ్వాడు కూడా. నన్ను చూశాక నవ్వు ఆపేశాడు. బీడీల విరామంలో అతనే దగ్గరికి వచ్చాడు. నేను ముందే అనుకుని వచ్చిన మాట చెప్పాను.

"నన్ను మాఫ్ చెయ్యి కాకా."

అతను చేతులకంటిన నీళ్లు ధోతికి తుడుచుకున్నాడు.

"నువ్వు దిగలేదని చెప్పుడు నాకు ఎంత సేపు? ఆడపిల్ల, సిగ్గువడ్డది, ఎందుకు చెప్పుడని ఊకున్న. నీ సిగ్గు నేను దాసిన."

"తెలుసు."

"చేపలు పోతె పోయినయ్. వానలకు మల్ల పిల్ల తెస్తం. నెల దినాలు నా చెయ్యిని నేను నమ్మకుంట జేసినవ్ బిడ్డా. కూరల ఉప్పెయ్యాల్నంటె గూడ కొండవ్వను పిలిసి చూపెడుతున్న, గింతేనా, ఎక్కువైందా అని. ఇప్పుడు నీ తప్పే అని తెలిసింది. అయినా పిలుస్తున్న. ఇడుస్తలేదు."

అతను కొంచెం సేపు ఎదురుచూశాడు, నిజంగానే నా దగ్గర ఏదైనా జవాబుంటుందేమోనని. తర్వాత తాడు దగ్గరికి పోయాడు.

వల ఒడ్డుకు చేరేదాకా నిలబడ్డాను. ఉండమని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. చేపలు ఎగురుతుంటే ఆడవాళ్లు గంపలతో వచ్చారు. మందలో ఒక బొచ్చె వీపు మీద పేను కుట్టిన ఎర్రమచ్చ కనిపించింది, దూరం నుంచే. ఎవరైనా పట్టి చూపిస్తారేమోనని ఒడ్డున కూర్చుని మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాను.

ఎవరూ ఇవ్వలేదు. చేతులు ఆరిపోయాక బస్సుకు నడిచాను.